గొంతు కోసం రెండో డిస్కు

మా అన్నయ్య గొంతు ఈ ఊళ్ళో అందరికీ తెలుసు. మనిషినే ఎవరూ ఎరగరు. లిఫ్టు తలుపులు మూసుకునేటప్పుడు పక్కకు జరగమని చెప్పేది అతనే. బ్యాంకుకు ఫోన్ చేస్తే, మీ కాల్ మాకెంతో ముఖ్యం, దయచేసి వేచి ఉండండి అంటూ మనల్ని నిలబెట్టేసేదీ అతనే. ఓసారి ఇంట్లో ఇంటర్నెట్ పోతే ఆ కంపెనీకి ఫోన్ చేసి, తన గొంతు తానే వింటూ చెవి వాచేదాకా కూర్చున్నాడు. చివరికి విసుగెత్తి ఫోన్ పెట్టేసి, వీడెవడోగానీ మహా పొగరుబోతు, ఎంత బతిమాలినా పలకడు అన్నాడు. అమ్మ పడీ పడీ నవ్వింది.

ఆ గొంతును కోసి తీసేయాలని డాక్టర్ చెప్పాడు. స్వరపేటికలో కణితి. మందులకు లొంగే దశ దాటిపోయిందట. తీసేస్తే మనిషి దక్కుతాడు, మాట దక్కదు. ఇంత మాటనూ ఆయన కంప్యూటర్ తెర వైపు చూస్తూ చెప్పాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ ఏం లాభం, మా ముఖాలు చూసి చెప్పినా అదే మాట చెప్పేవాడు.

బయటికొచ్చి ఆసుపత్రి మెట్ల మీద ముగ్గురం కూలబడ్డాం. అన్నయ్య, వదిన, నేను. ముగ్గురి బుర్రల్లోనూ ఒకటే తిరుగుతోంది. అమ్మకు ఎలా చెప్పడం? అమ్మకు చూపు పోయి చాలా కాలమైంది. కొడుకు ముఖం ఆమెకు పాత జ్ఞాపకం. ఇప్పుడున్న కొడుకంటే, సాయంత్రం గుమ్మంలో చెప్పులు విడుస్తూ "ఏమ్మా, ఏంటి సంగతులు" అని గొణిగే గొంతే. బయట ప్రతి అక్షరం ముత్యంలా పలికే మనిషి ఇంటికొస్తే సగం మాటలు మింగేస్తాడు. మాకే ఒక్కోసారి అర్థం కాదు, అమ్మకు మాత్రం అన్నీ అర్థమవుతాయి.

అమ్మకు నిజం చెప్పొద్దన్నది అన్నయ్యే. గొంతులో పుండు, చిన్న ఆపరేషన్, కొన్నాళ్ళు మాట్లాడకూడదు, అంతవరకే చెప్పాలన్నాడు. ఆ కొన్నాళ్ళూ గడిచేలోగా వేరే ఏర్పాటు చేసుకోవచ్చన్నాడు. ఓ కంపెనీవాళ్ళు మనిషి గొంతును ముందే రికార్డు చేయించుకుని, దాంతో యంత్రం మాట్లాడేలా చేసి ఇస్తారట. మనం టైపు చేస్తే అది మన గొంతుతో పలుకుతుంది. గొంతు ఇవ్వడమే వృత్తి కాబట్టి అన్నయ్యకు ఆ సంగతి ముందే తెలుసు. గొంతు తనదే అయినప్పుడు చూపులేని అమ్మకు తేడా ఎలా తెలుస్తుంది అన్నాడు. వినడానికి ఆ మాట ఎంత ఘోరంగా ఉన్నా ఆ పూట మాకు దొరికిన ఆసరా అదొక్కటే. ఎవరం కాదనలేదు.

కంపెనీ నుంచి షరతులు వచ్చాయి. గంటల తరబడి రికార్డింగ్ కావాలి. కుదించకుండా, కత్తిరించకుండా, ఎలా పలికితే అలాగే పంపాలి. అలాంటి ఫైళ్ళు కొండంత ఉంటాయి. అవి పట్టే చోటే మా ఇంట్లో లేదు.

అన్నయ్య పనిచేసే గది ఇంటి వెనక ఉంది. గోడలకు పాత పరుపులు కొట్టి, మధ్యలో అద్దం బిగించి, వదినా తనూ కలిసి తయారు చేసుకున్న గది. అద్దానికి అవతల మైకు ముందు అన్నయ్య, ఇవతల ఓ పాత డెస్క్‌టాప్ ముందు వదిన. ఆ కంప్యూటర్ వయసు గురించి ఎవరైనా నోరెత్తితే అన్నయ్యకు ముక్కు మీదికి కోపం వచ్చేది. అందులో ఉన్న సౌండ్ కార్డును ఇప్పుడు ఎక్కడా తయారు చేయడం లేదు. కొత్త కంప్యూటర్లలో అది పట్టదు. అది లేకపోతే వాళ్ళు వాడే సాఫ్ట్‌వేర్ తెరుచుకోదు. అందుకని ఆ ముసలి పెట్టెతోనే ఇద్దరూ కాపురం చేస్తున్నారు.

దాని డిస్కు ఎప్పుడూ నిండిపోయే ఉండేది. పాత ప్రకటనల్ని చెరపడానికి లేదు. ఎప్పుడో చెప్పిన ప్రకటనలో ఒక్క మాట మార్చిమ్మని వచ్చేవాళ్ళుంటారు. అందుకే వదిన చోటును మహా పొదుపుగా వాడేది. అన్నయ్య చదువుతుంటే ఆమె వేలు మీట మీదే ఉంటుంది. అతను తడబడినా, దగ్గినా, మధ్యలో ఏదైనా సొంత మాట మాట్లాడినా, చటుక్కున ఆపి, కాస్త వెనక్కి జరిపి, ఆ తప్పు మీదే మళ్ళీ రికార్డు చేసేది. తప్పున్న చోట ఒప్పు వచ్చి కూర్చునేది. చివరికి మచ్చలేని ప్రకటన ఒక్కటి మిగిలేది, దాని వెనక చెత్త ఏమీ ఉండేది కాదు. పెళ్ళయినప్పటి నుంచీ ఇదే పద్ధతి. వాళ్ళు అలా పని చేసుకుంటుంటే చూడ్డానికి నాకు ముచ్చటేసేది.

బయట తగిలించే డిస్కు పెట్టి చూశాం. ఆ పాత పెట్టె దాని వేగం అందుకోలేక మాటల్ని మధ్య మధ్యలో తెంపేసింది. ఇక లోపలే రెండో డిస్కు పెట్టాలి. ఆ పని నా మీద పడింది. నేను మేడ మీద గదిలో ఉంటాను. పెళ్ళి మాటెత్తితే కరుస్తానని అన్నయ్య నాకు రాకాసి అని పేరు పెట్టాడు. సందు చివర ప్రింటింగ్ దుకాణం నాది. అక్కడి కంప్యూటర్లకు రోగమొస్తే నేనే విప్పుకుంటాను కాబట్టి, మా ఇంట్లో మూత ఊడదీసే ధైర్యం నాకొక్కదానికే ఉంది.

కొత్త డిస్కును ముందు దుకాణానికే తీసుకెళ్ళి అక్కడే ఫార్మాట్ చేశాను. పాత డిస్కు పక్కన పెట్టుకుని ఆ పని చేస్తే, చెయ్యి జారి ఒకదానికి బదులు ఇంకోదాన్ని తుడిచేసే ప్రమాదముంది. మర్నాడు పొద్దున ప్లగ్గు పీకి, పెట్టె పక్క మూత విప్పాను. లోపల దుమ్ము దూదిలా పేరుకుపోయి ఉంది. అన్నయ్య స్టూలు మీద కూర్చుని టార్చి పట్టుకున్నాడు. పాత డిస్కు కింద ఖాళీ అర ఒకటుంది. కొత్తదాన్ని అందులోకి తోసి మరలు బిగించాను. డేటా తీగకు బోర్డు మీద చోటు దొరికింది. కరెంటు తీగ దగ్గరే చిక్కొచ్చింది. పాత పెట్టెలోని కనెక్టర్లన్నీ వెడల్పువి, కొత్త డిస్కుకేమో సన్నది కావాలి. దుకాణం సొరుగంతా వెతికి మధ్యలో తగిలించే ముక్క పట్టుకొచ్చేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

"నాకంటే ముందు దీనికి కోత పెడుతున్నావే" అన్నాడు అన్నయ్య.

నవ్వాను. నవ్వకపోతే ఏడవాల్సి వచ్చేది.

మూత వేసి స్విచ్ నొక్కితే మామూలుకంటే ఎక్కువసేపు ఆలోచించి, ఎట్టకేలకు తెర వెలిగింది. రెండో డిస్కు కనిపించింది. అంత ఖాళీని ఆ కంప్యూటర్ ఏనాడూ చూసి ఉండదు. వదిన తెర ముందు నిలబడి కళ్ళు తుడుచుకుంది. నేను ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను. గదిలోకి రాగానే మీట నొక్కి వదిలేయండి, బయటికి వెళ్ళేదాకా రికార్డింగ్ నడుస్తూనే ఉండనివ్వండి, దగ్గినా తిట్టుకున్నా నీళ్ళడిగినా ఏదీ చెరపొద్దు, ఇక చోటుకు కరువు లేదు అన్నాను. కంపెనీవాళ్ళూ అదే రాశారని గుర్తు చేశాను. అలాగే అన్నారు. నేను నా పని మీద వెళ్ళిపోయాను.

కణితి స్వరతంత్రులకు కాస్త పైన ఉండటంతో అన్నయ్య గొంతు పొద్దునపూట బాగానే ఉండేది, మధ్యాహ్నానికి బొంగురుపోయేది. అందుకని రోజూ పొద్దున్నే ఇద్దరూ ఆ గదిలో దూరేవారు. కంపెనీ పంపిన వాక్యాలు కాక, అమ్మ కోసమని వదిన విడిగా కొన్ని రాసింది. తలుపు వేసి ఉండేది, నేను లోపలికి వెళ్ళేదాన్ని కాదు. మధ్యాహ్నం ఇద్దరూ అలసిపోయి వచ్చి, ఇవాళ బాగా వచ్చిందని చెప్పుకునేవారు. అమ్మ తన గదిలోంచి, అన్ని గంటలు వాగితే పుండు మానుతుందా అని కేకలేసేది.

ఆసుపత్రికి బయల్దేరే రోజున ఫైళ్ళు పంపడానికి కూర్చున్నాను. డిస్కు దాదాపు ఖాళీగానే ఉంది. ఇదేమిటని ఒక ఫైలు తెరిచి విన్నాను. ఇంకోటి విన్నాను. అన్నీ అద్దంలా ఉన్నాయి. ఎక్కడా దగ్గు లేదు, తడబాటు లేదు, వాక్యానికీ వాక్యానికీ మధ్య ఒక్క సొంత మాట లేదు. అమ్మ కోసం రాసినవి తెరిస్తే, "అమ్మా, నువ్వు భోజనం చేశావా?" అని లిఫ్టు తలుపులు మూసే గొంతు అడిగింది. ఇంట్లో ఏనాడైనా అన్నయ్య ఆ మాట అలా అన్నాడా? "తిన్నావామ్మా" అని అటు తిరిగి అనేసి పోతాడు.

వదినను పిలిచి అడిగాను. ఆమె ముందు అర్థం కానట్టు చూసింది. తర్వాత తన చేతివేళ్ళు చూసుకుంది. మొదటి రోజు అలాగే వదిలేసిందట, కాసేపటికి చెయ్యి దానంతట అదే వెళ్ళిపోయిందట. తప్పు వినిపిస్తే ఊరుకోలేకపోయిందట. అన్నయ్య కూడా, చెత్తంతా ఎందుకు పంపడం, నా పేరు మీద పోయేది శుభ్రంగా ఉండాలి అన్నాడట. తప్పుల మీదే మళ్ళీ రికార్డు చేయడంతో వెతికి తీయడానికి అడుగున ఏమీ మిగల్లేదు. ఇంత చోటు పెట్టి ఇచ్చాను కదా వదినా అని అరిచాను. ఆమె సంచీ సర్దడం మధ్యలో ఆపేసి నేల మీద కూర్చుండిపోయింది.

ఫోన్లు వెతికాను. గొంతు అమ్ముకుని బతికేవాణ్ణి, ఊరికే ఎవరికిస్తాను అనేవాడు అన్నయ్య, ఫోన్లో సందేశాలు కూడా అక్షరాల్లోనే పంపేవాడు. వీడియోలు తీసేది అతనే కాబట్టి వాటిలో వాగుతూ కనిపించేది మేమే. రెండు మూడు చోట్ల అతని మాట వినిపించింది గానీ ఏదో టీవీ చప్పుడులో కలిసిపోయి ఉంది.

అన్నయ్యను లాక్కెళ్ళి మైకు ముందు కూర్చోబెట్టాను. ఏదైనా మాట్లాడు, నన్ను తిట్టు, అమ్మతో మాట్లాడినట్టు మాట్లాడు అన్నాను. ఏం మాట్లాడనే అని గొణిగాడు, అదే నాకు కావలసింది, కానీ అప్పటికింకా నేను మీట నొక్కలేదు. నొక్కగానే అద్దం మీద ఎర్ర దీపం వెలిగింది. అన్నయ్య నడుం నిటారైంది. గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, నేను ఆసుపత్రికి వెళ్ళి వస్తాను" అన్నాడు, ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో చెబుతున్నట్టు. మళ్ళీ ప్రయత్నించాడు. మళ్ళీ అదే. మూడోసారికి మాట బొంగురుపోయి దగ్గు తెర కమ్ముకుంది. అద్దం అవతలి నుంచి నా వైపు చూశాడు. ఆ చూపు నేను చచ్చేదాకా మరిచిపోను. "రావట్లేదే" అన్నాడు. అప్పటికి కారు వచ్చి వాకిట్లో నిలబడింది. ఉన్న ఫైళ్ళనే పంపేశాను.

ఆపరేషన్ బాగా జరిగిందన్నారు. ఇంటికొచ్చిన అన్నయ్య మెడ కింద ఓ రంధ్రం ఉంది, ఊపిరి అక్కణ్ణుంచే ఆడుతుంది. పైన పల్చటి గుడ్డ కట్టుకునేవాడు. మెడ ముట్టుకోకూడదు, మాట్లాడించకూడదు అని అమ్మకు గట్టిగా చెప్పాం. ఆమె బుద్ధిగా విన్నది. రోజూ అతను వచ్చి మంచం మీద కూర్చుంటే, నువ్వు నోరు విప్పకురా, నేనే మాట్లాడతాను అని లోకంలోని సంగతులన్నీ చెప్పేది. మధ్యలో ఆగేది. జవాబు కోసం కాదు, అలవాటుకొద్దీ ఆగేది. అన్నయ్య ఆమె అరచేతిలో వేలితో తట్టేవాడు. ఇంకెన్నాళ్ళే అని నన్ను చాటుగా అడిగేది. కొన్నాళ్ళే అనేదాన్ని. అలా అబద్ధం చెప్పిన ప్రతిసారీ నా మీద నాకే అసహ్యం వేసేది.

ఓ మధ్యాహ్నం ఆ గొంతు వచ్చింది. కంపెనీ పంపినదాన్ని ట్యాబ్‌లో ఎక్కించి ముందు గదిలో ముగ్గురం విన్నాం. అన్నయ్య టైపు చేశాడు. "రాకాసీ, టీ పెట్టు" అంది ట్యాబ్. గొంతు అచ్చం అన్నయ్యదే, అందులో వంక పెట్టడానికి లేదు. బ్యాంకులో నిలబెట్టే అన్నయ్య, లిఫ్టులో పక్కకు జరగమనే అన్నయ్య. నాకు నవ్వొచ్చింది, మధ్యలోనే ఆగిపోయింది. వదిన ముఖం మాత్రం వెలిగింది. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆమె నవ్వగా చూడటం అదే మొదలు. బాగానే ఉంది కదూ అని నన్ను పదే పదే అడిగింది. బాగానే ఉందన్నాను. అన్నయ్య ట్యాబ్ చంకలో పెట్టుకుని లేచాడు.

అమ్మ మంచం మీద కూర్చుని తల దువ్వుకుంటోంది. అన్నయ్య ఆమె పక్కన కూర్చుని ట్యాబ్ ఒళ్ళో పెట్టుకున్నాడు. మేమిద్దరం గుమ్మంలో నిలబడ్డాం. వదిన నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అమ్మా, ఎలా ఉన్నావు?" అంది గొంతు.

అమ్మ దువ్వెన ఆగింది. కాసేపు విని, మొహం చిట్లించి, రికార్డు పెట్టారేమిటి, కట్టెయ్యండి అంది. వాడి పనిమాటలు నాకెందుకు, డాక్టర్లు చెప్పిన గడువు అయిపోయిందిగా, ఇక వాణ్ణే మాట్లాడనివ్వండి అంది.

వదిన ముందుకెళ్ళింది. అది రికార్డు కాదు అత్తయ్యా, ఆయనే మాట్లాడుతున్నారు, గొంతు నయమైంది అని చెప్పింది. అంత పచ్చి అబద్ధాన్ని అంత తియ్యగా ఎవరూ చెప్పలేరు. అన్నయ్య వేళ్ళు గబగబా కదిలాయి.

"రికార్డు కాదు అమ్మా. నేనే. నీ కొడుకును."

అమ్మ అన్న మాటకు అది జవాబు చెప్పింది, రికార్డు అలా చెప్పదు. ఆమె దువ్వెన పక్కన పెట్టడం చూశాను. జుట్టు సవరించుకుని, కాళ్ళు దగ్గరికి తీసుకుని, బయటివాళ్ళ ముందు కూర్చున్నట్టు ఒద్దికగా కూర్చుంది.

"మీరెవరో నాకు తెలీదు బాబూ" అంది. "అడిగినదానికి బదులిస్తున్నారు కాబట్టి ఒక్క మాట అడుగుతాను. వీళ్ళనడిగితే కొన్నాళ్ళు, కొన్నాళ్ళు అంటున్నారు. మావాడు ఇక మాట్లాడడా?"

వదిన ఏదో అనబోతే అన్నయ్య తల అడ్డంగా ఊపాడు. ఇన్నాళ్ళూ ఈ మాట చెప్పొద్దని మా నోళ్ళు కట్టేసింది అతనే. ట్యాబ్ మీద వేలు పెట్టి తీశాడు, పెట్టి తీశాడు. అతని మెడ దగ్గర గుడ్డ ఊపిరికి పైకీ కిందికీ కొట్టుకుంటోంది. వద్దు అన్నయ్యా అందామనుకున్నాను.

"మాట్లాడను అమ్మా" అంది గొంతు. ఒక్క అక్షరం తడబడకుండా, ఎక్కడా వణుకు లేకుండా, స్పష్టంగా చెప్పింది.

అమ్మ తలూపింది. విన్నానన్నట్టు ఇంకోసారి ఊపింది.

"మీరైనా చెప్పారు. ఇంట్లో ఇంతమంది ఉన్నారు, ఒక్కరూ చెప్పలేదు."

వదిన గోడకు జారబడి కూర్చుని నోట్లో కొంగు కుక్కుకుంది. అమ్మ మా వైపు తిరగలేదు. పక్కకు చెయ్యి చాచి, తడుముకుంటూ అన్నయ్య భుజం పట్టుకుంది. అక్కణ్ణుంచి కిందికి జరుపుకుంటూ వచ్చి అతని చెయ్యి అందుకుంది. ఒళ్ళో ఉన్న ట్యాబ్‌ను మోచేత్తో పక్కకు నెట్టి రెండో చెయ్యి కూడా అందుకుంది. రెండు చేతుల్నీ తన ఒళ్ళోకి లాక్కుని గట్టిగా పట్టుకుంది.

"నొప్పిగా ఉందా నాన్నా?" అని అడిగింది.

జవాబు చెప్పాలంటే అన్నయ్యకు ఒక చెయ్యి కావాలి. అమ్మ ఏ చెయ్యీ వదల్లేదు.